తారు కింద నంబరు

నంబరు లేని పడవ నీళ్ళ మీద ఉండకూడదంటూ కాంట్రాక్టరు మనిషి గడ్డపారతో అంజనమ్మ పుట్టి అడుగు పొడిచేశాడు. కెలవరపల్లి డ్యాం గట్టు మీద, పట్టపగలు, అందరూ చూస్తుండగానే! హోసూరు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నారు. ఆదివారాల్లో ఆ జనాన్ని పుట్టిలో తిప్పితేనే అంజనమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది.

కొత్త రూలు వచ్చింది మరి. సరదా పడవలన్నింటికీ రిజిస్ట్రేషను, ఏటేటా ఫీజు. ఇంజను పడవకెంతో గుండ్రటి వెదురు పుట్టికీ అంతే. చూశారా న్యాయం! పుట్టి అడుగున తారు పూసి బిగించే గోనెపట్టా ఏడాదికోసారి మార్చక తప్పదు. మారిస్తే ఆఫీసువాళ్ళ దృష్టిలో అది కొత్త పడవ, మళ్ళీ ఫీజు. గట్టునంతా గుత్తకు పట్టిన కాంట్రాక్టరుకు కావలసిందీ అదే; పుట్టీలు పోతే తన ఇంజను పడవలే తిరుగుతాయి.

సాయంత్రం పుట్టీలవాళ్ళ మీటింగులో ఒకటే రభస.

"ఎవురూ కట్టేది వద్దు," అంది అంజనమ్మ కోడలు నళిని. హోసూరు ఫ్యాక్టరీలో సమ్మె చేసిన మనిషి. "ఒగరు కడితే అందరి మెడకూ ఉరే."

"నేను కట్టేసినానమ్మా," బైరప్ప తల వంచుకున్నాడు. "బిడ్డలుండారు. ఏం చేసేది?"

"థూ! మా నోట్లో మన్ను కొట్టినావు గదప్పా!" ఇంకో పుట్టి నడిపే లింగప్ప అతని మీదికి లేచాడు.

మర్నాడు బైరప్ప తన పుట్టికి తారు కాచాడు. వేడి మీదే పూయాలి కాబట్టి ఒకరి పుట్టికి అందరూ చేయి వేయడం ఆ గట్టున వాడుక. ఆవేళ ఒక్కరూ రాలేదు. అతను ఒంటరిగా తంటాలు పడుతుంటే అంజనమ్మ పళ్ళు కొరుక్కుంటూ చూసింది. పోకూడదనుకుంది. ఉండబట్టలేక తన పుట్టిని నెత్తిన బోర్లించుకుని పోయి అతని ముందు దించింది.

"నీ మింద కోపం తీరలేదప్పా. అయినా మనం కొట్టుకుంటే వాడికే సంబరం. ఈ తూటు పూడ్చు."

బైరప్ప తారులో గుడ్డ ముంచి, ముందు తన పుట్టి మీది తెల్లటి నంబరు మీద పూసేశాడు. అది చూసి లింగప్ప వచ్చాడు. వెనకే గట్టంతా వచ్చింది.

ఆదివారం పుట్టీలన్నీ ఒక్కసారిగా నీళ్ళలోకి దిగాయి. పోలీసులొచ్చి గట్టుకు రమ్మన్నారు. నంబర్లేవీ అని గద్దించారు.

"తారు కిందుండాది, గోక్కోండి!" అంది అంజనమ్మ.

ఆమెనూ బైరప్పనూ జీపెక్కించారు. జీపు కదలబోతుంటే లింగప్ప తన పుట్టిని తెచ్చి దాని ముందు బోర్లించాడు. నళిని ఇంకొకటి. వీడియోలు తీసినవాళ్ళు కూడా ఈసారి ఫోన్లు జేబులో పెట్టి చేయి వేశారు. రోడ్డు నిండిపోయింది.

జీపులోంచి అంజనమ్మ తల బయటపెట్టి అరిచింది.

"నాది యాడ? నాదీ తెచ్చి ఏయండప్పా!"