బొటనవేలి నొక్కు

మొన్నటిదాకా కేకులావిడకు ఈ లోకంలో రెండే రెండు భయాలు. ఒకటి, ఐసింగు ఆరకముందే ఎవరో ఒకరు వచ్చి వేలు పెట్టి చూడటం. రెండోది, అత్తగారు కొంగు నడుముకు దోపుకుంటూ "కాస్త సాయం చేస్తానుండు" అని వంటింట్లోకి రావడం. శనివారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి, చేతిలో టీ కప్పుతో నిలబడి ఉండగా, అవి అసలు భయాలే కావని ఆవిడకు తెలిసివచ్చింది.

సంగతి మొదటినుంచి చెప్పాలి. గింజలూ పప్పులూ పడని పిల్లల తల్లిదండ్రులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా ఒక సభ జరుపుతారు. చొక్కాలకు నెమలికంఠం రంగు రిబ్బను గుచ్చుకుంటారు, కరపత్రాలు పంచుతారు, నలుగురికీ తెలియజెబుతారు. ఈసారి పంచడానికి ఆ రిబ్బను ఆకారంలోనే బిస్కెట్లు కావాలన్నారు. రెండు వందల నలభై. సంఘం కార్యదర్శి స్వయంగా కేకులావిడ వంటింటికే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాదం, జీడిపప్పు, వేరుశెనగ, ఏది పడినా మా పిల్లలకి గొంతు వాచిపోతుందండీ. మా అమ్మాయికి నాలుగో ఏట ఒకసారి అలా అయింది. పెదాలు నల్లబడిపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేలోగా నేనూ సగం చచ్చాను. తినక్కర్లేదు, కొందరికి పొడి తగిలినా చాలు."

"నా వంటింట్లో బాదం వాసన కూడా లేకుండా చేస్తానండీ" అంది కేకులావిడ.

"మాటేనా?"

"మాటే."

కార్యదర్శి ముఖం విప్పారింది. "బల్ల మీద ఉన్నది ఏదైనా సరే అడక్కుండా తీసుకుని తినండర్రా అని మా పిల్లలతో ఒక్కరోజైనా అనాలని నా ఆశ. మా ఇంట్లో అయితే ఒక ఇన్‌స్పెక్టరమ్మే ఉంది. తొమ్మిదేళ్లు. ముందు విచారణ, ఆ తర్వాతే ఏదైనా నోట్లోకి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కార్యదర్శి వెళ్లాక కేకులావిడ నడుం బిగించింది. బాదంపొడి డబ్బాలు మూటగట్టి అక్క వాళ్లింటికి పంపేసింది. కొత్త అప్పడాల కర్ర కొంది. రిబ్బను అచ్చుల్ని నీళ్లలో మరగబెట్టింది. ట్రేలను మూడేసి సార్లు తోమింది. గట్టు కడిగింది, గోడ కడిగింది, చివరికి స్విచ్చులు కూడా తుడిచింది.

"పెళ్లివారు గానీ దిగుతున్నారా ఏంటి?" అని అత్తగారు గుమ్మంలో నిలబడి వేళాకోళం చేసింది. గింజలు వాడకూడదని మాత్రం ఆవిడకూ తెలుసు. ఆ మాట కోడలు పదిసార్లు చెప్పింది.

చెప్పనిది ఒకటుంది. కేకులావిడ పిండి ముద్దల్ని చదరంగా ఒత్తి, కవర్లో చుట్టి, డీప్ ఫ్రీజర్లో దాచుకుంటుంది. ఒత్తాక అన్నీ ఒకే రంగు. కాగితం అంటిస్తే చెమ్మకు ఊడిపోతుంది. అందుకని బాదం కలిపిన ముద్దకు ఒక మూల బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. పదకొండేళ్లుగా అదే గుర్తు. వంట తనది, ఫ్రీజరు తనది, వేలూ తనదే కాబట్టి ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ఆవిడకు ఏనాడూ తోచలేదు. డబ్బాలన్నీ ఇల్లు దాటించిన మనిషి, ఫ్రీజరు అడుగున ఐస్‌క్రీం డబ్బా వెనక నక్కి ఉన్న ఒక్క ముద్దను మరిచిపోయింది.

గురువారమంతా ఒత్తడం, కోయడం, కాల్చడం. రిబ్బను ఆకారంతో పెద్ద చిక్కేమిటంటే తుక్కు ఎక్కువ. పై చుట్టులో చిన్న కన్నం, కింద రెండు తోకల మధ్య ఖాళీ, పక్కల పనికిరాని ముక్కలు. ఆ తుక్కంతా పోగుచేసి మళ్లీ ఒత్తి, మళ్లీ కోయాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఇరవై పైచిలుకు తక్కువపడ్డాయి, కేకులావిడ నడుం పడిపోయింది.

"వెళ్లి కాసేపు వాలు. మిగిలిన తుక్కు నేను చూస్తాలే" అంది అత్తగారు.

వాలింది. లేచి వచ్చేసరికి చివరి ట్రే నిండుగా కాలి చల్లారుతోంది. "మా అత్తయ్య బంగారం" అనుకుంది గానీ, అంత కాస్త తుక్కులోంచి అన్ని ఎలా వచ్చాయని అడగలేదు. శుక్రవారం ఐసింగు పెట్టింది. చిక్కటి దాంతో అంచు గీసి, పలచటి దాన్ని లోపల నింపి, బుడగల్ని పుల్లతో పొడిచి, ఒక తోక ఆరాక దాని మీదుగా రెండో తోక నింపింది. రెండు వందల నలభై రిబ్బన్లు నిగనిగలాడాయి. శనివారం ఎనిమిదిన్నరకు పెట్టెలు అప్పగించి ఇంటికొచ్చింది.

అత్తగారు టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, తన గొప్ప తాను చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"నేను లేకపోతే నీ లెక్క తప్పేదే అమ్మాయ్. తుక్కు తొమ్మిది బిస్కెట్లకు కూడా రాలేదు. ఫ్రీజర్లో వెనకాల ఒక ముద్ద కనిపిస్తే తీసి అందులో కలిపేశా. సరిగ్గా ఇరవై రెండు వచ్చాయి."

"ఏ ముద్ద అత్తయ్యా?"

"అదే, ఐస్‌క్రీం డబ్బా వెనకది. మూల మీద ఎవరిదో వేలు తగిలి సొట్టపడింది చూడు, అది."

కేకులావిడ కప్పు గట్టు మీద పెట్టబోయి, గట్టు దాకా చేయి వెళ్లక, నేల మీద వదిలేసింది. టీ కాళ్ల మీద ఒలికింది. కాలిందో లేదో కూడా తెలియలేదు.

"అది బాదం ముద్ద" అంది.

అత్తగారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "సొట్ట ఉంటే బాదమని నాకేమైనా కలొచ్చిందా? చెప్పి చావొచ్చుగా!" అని గయ్యిమంది. అరిచిన గొంతే మరుక్షణం వణికింది. "అమ్మాయ్, పిల్లలు తినేశారంటావా? పిల్లలకి నా చేత్తో పెట్టానా?"

ముసలావిడ అన్నదాంట్లో తప్పేముంది? కోడలు కార్యదర్శికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. సభలో ఉన్న మనిషి ఫోను ఎత్తుతుందా? ఒంటి మీది ఏప్రన్ విప్పకుండానే స్కూటరు తాళం అందుకుని పరుగెత్తింది.

దారిలో ప్రతి ఎర్ర దీపమూ ఆవిడ కోసమే వెలిగినట్టుంది. నల్లబడ్డ పెదాలు, వాచిన గొంతు, ఎవరి ముఖమో తెలియని ఒక పిల్ల, కళ్ల ముందు అదే. దేవుడా, ఇంకా పంచకుండా ఉండాలి, ఇంకా పంచకుండా ఉండాలి అని పైకే అనుకుంటూ నడిపింది. పక్కన ఆగిన బస్సులోంచి ఎవరో వింతగా చూశారు.

సభ జరిగే హాలు ముందు వరండాలో పొడుగాటి బల్ల. దాని మీద పళ్లేలు, పళ్లేల నిండా బిస్కెట్లు. పిల్లలంతా లోపలే ఉన్నారు. కాపలాకు రొమ్ము మీద రిబ్బను గుచ్చుకున్న ఒక పెద్దాయన మాత్రం ఉన్నాడు. ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. కేకులావిడకు పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది.

"చేసింది నేనేనండీ. విరిగినవి ఏమైనా ఉన్నాయేమో చూసి ఏరేస్తాను" అంది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

"చూడండమ్మా, చూడండి."

పైన అన్నీ ఒకటే నీలం. కానీ బిస్కెట్టు అసలు రంగు అడుగున తెలుస్తుంది. బాదం కలిసింది తొందరగా ఎర్రబడుతుంది, గోధుమరంగు చుక్కలు తేలతాయి. ఒక్కొక్కటే తిరగేసి చూసి, చుక్కలున్నవాటిని సంచిలో వేసుకోసాగింది. కళ్లు చురుగ్గా పనిచేస్తున్నాయి. భయంలో మనిషికి తెలివి ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది, అదీ పాడు తెలివి. ఎవరికీ తెలియకుండా ఏరేస్తే సరి, అంది ఆ తెలివి. పదకొండేళ్ల పేరు నిలుస్తుంది, అత్తయ్య కన్నీళ్లు ఆగుతాయి, సభ సభలా జరిగిపోతుంది. పొడి తగిలినా చాలన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆవిడ దాన్ని విననట్టు నటించి లెక్కపెట్టుకుంది. ఇరవై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై ఒకటే. పళ్లేలన్నీ మళ్లీ తిరగేసింది. ఇరవై ఒకటే.

"ఎవరైనా ఒకటి తీసుకున్నారాండీ?"

"ఎవరు తీసుకుంటారు? ఆఁ, కార్యదర్శి గారే తీశారు. పెట్టె మూత తీయగానే, పైనున్నది. మొదటిది మా పాపకే అని ముచ్చటపడి పట్టుకెళ్లారు."

చివర కాలినవే చివరి పెట్టెలో, పైవరసలోకి వెళ్లాయి. ఆ పెట్టే అన్నిటికంటే పైన ఉంది. తన చేత్తోనే సర్దింది.

"ఎంతసేపయింది?"

"పావుగంట అయి ఉంటుంది."

కేకులావిడ పై ప్రాణాలు పైనే పోయాయి. సంచి పట్టుకునే వరండా వెంట పరుగెత్తింది. ఒక గది తలుపు తోసింది, కుర్చీలు. ఇంకోటి తోసింది, బ్యానర్ల కట్టలు. లోపల హాల్లో ఏ పిల్లో దగ్గింది, ఆ దగ్గుకు ఆవిడ ఇంకా జోరుగా పరుగెత్తింది. చేతులు కడుక్కునే చోట ఎవరూ లేరు. మలుపు తిరిగితే, పెరటివైపు మెట్ల మీద, ఒక పిల్ల ఒంటరిగా వంగి కూర్చుని ఉంది. కదలటం లేదు.

"అమ్మా!" అని కేక పెట్టింది కేకులావిడ.

పిల్ల తలెత్తింది. పెదాలు మామూలుగా ఉన్నాయి. ఒళ్లో కాగితం రుమాలు, దాని మీద బిస్కెట్టు. అంచున కాస్త ఐసింగు లేదు.

"తిన్నావా? తిన్నావా దాన్ని?"

"లేదు. లోపల ఏ రంగో అని పుల్లతో గీకి చూశా అంతే." పిల్ల ఆవిడ ఏప్రన్ మీది నీలం మరకల్ని పరీక్షగా చూసింది. "ఆంటీ, ఇవి చేసింది మీరేనా?"

కేకులావిడ మెట్టు మీద కూలబడి తలూపింది.

"ఇవాళ అడక్కుండా తినొచ్చని అమ్మ చెప్పింది. కానీ చేసినవాళ్లని అడక్కుండా నేను తినను. అందుకే మీకోసం చూస్తున్నా. ఇందులో బాదం ఉందా?"

చుట్టుపక్కల ఎవరూ లేరు. 'ఇది విరిగిందమ్మా, ఇంకోటిస్తా ఇటివ్వు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటతో అంతా సర్దుకుపోయేది. పిల్ల కళ్లార్పకుండా జవాబు కోసం చూస్తోంది. బుట్టెడు ఆశ ఉంది ఆ ముఖంలో, లేదని చెబితే అప్పుడే కొరికేసేలా ఉంది.

"ఉందమ్మా" అంది కేకులావిడ.

పిల్ల అరవలేదు, ఏడవలేదు. రుమాలు నాలుగు మూలలూ పట్టుకుని, బిస్కెట్టుతో సహా దూరంగా పెట్టింది. "చేతులు కడుక్కోవాలి. కుళాయి మీ మోచేత్తో తిప్పండి, చేతులతో ముట్టుకోకూడదు" అంది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. ఆటలాడుకునే వయసు పిల్ల, ఆపరేషనుకు వెళ్లే డాక్టరులా కడుక్కుంటోంది.

"ఇదొక్కటేనా?"

"ఇరవై రెండు. తక్కినవన్నీ ఏరేశాను. ఇదిగో, ఈ సంచిలో."

"మరి వాటి పక్కన పెట్టినవి?"

కేకులావిడ చేతిలోని సంచి వైపు చూసుకుంది.

"తగిలినా చాలు ఆంటీ" అంది ఇన్‌స్పెక్టరమ్మ, పెద్దవాళ్లకు తెలియని సంగతి ఓపిగ్గా చెబుతున్నట్టు. "అయితే అందరికీ చెప్పాలి. మైకులో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

అప్పుడే హాల్లోంచి కార్యదర్శి గొంతు గట్టిగా వినిపించింది. "పిల్లలూ! ఇవాళ బయట బల్ల మీద ఉన్నవి ఏవైనా సరే అడక్కుండా తినొచ్చు! చేసినావిడ నాకు మాటిచ్చారు!" చప్పట్లు, కేకలు, వందల కుర్చీలు ఒక్కసారిగా జరిగిన చప్పుడు.

"నేనే చెబుతాను" అంది కేకులావిడ. అప్పటికే పరుగెత్తుతోంది.

వరండాలోకి వచ్చేసరికి తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పిల్లలు కట్ట తెగినట్టు బల్ల మీదికి వస్తున్నారు. ముందు వరసవాళ్ల వేళ్లు పళ్లేల మీద ఉన్నాయి.

"ఆగండి! ముట్టుకోవద్దు! బాదం తగిలింది!"

గొంతు చిరిగిపోయేలా అరిచింది. పిల్లల వెనకాల నవ్వుతూ వస్తున్న కార్యదర్శి ముఖంలో ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, ముఖం మాత్రం పాలిపోయింది.

"నేనే పొరపాటు చేశానండీ, మాట తప్పాను" అంది కేకులావిడ ఆవిడ వైపు చూస్తూ. తిడతారని, కొడతారని, ఏదో ఒకటి చేస్తారని నిలబడింది.

ముందుగా కదిలింది పిల్లలు. అన్ని చేతులూ ఒకేసారి వెనక్కి వెళ్లిపోయాయి. ఒక్కరూ మారాం చేయలేదు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. వాళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లను ముందు నిలబెట్టి, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే కుళాయిల వైపు వరస కట్టారు. వాళ్లకది అలవాటే.