మూరెడు దేవుడు

శంఖం పట్టిన చేతికీ భుజానికీ మధ్య ఉన్న సందులో నా వేలు పట్టదు. పాత బ్రష్‌కు చింతపండు గుజ్జు రాసి అటు తోసి ఇటు లాగితే గానీ ఇత్తడి నలుపు వదలదు. ఆ తర్వాత దండ మడతలు, కిరీటం గీతలు, పీఠం చుట్టూ పూల వరుస. కడిగాక చుక్క తడి మిగలకుండా తుడవాలి, లేదంటే మర్నాటికి చిలుము పడుతుంది. మా ఇంటి వేంకటేశ్వరస్వామి మూరెడు ఎత్తు. ఎత్తి పళ్లెంలో దించేసరికి నా నడుము కలుక్కుమంటుంది. పాలాభిషేకం, పట్టుబట్ట, పూలు, నైవేద్యం అన్నీ నేను సిద్ధం చేశాక మా ఆయన మధుకర్ కండువా వేసుకుని వచ్చి హారతి ఇస్తాడు. గంట కొట్టడానికి మాత్రం ఆయనకు భలే ఓపిక.

ఈ విగ్రహం కొనడానికి బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లాం. అందరూ దేవుడి ముఖం చూస్తారు, నేను సందులు చూశాను. కడిగేదాన్ని కదా! చేతులు ఒంటికి ఆనించి పోత పోసిన లక్ష్మీదేవి ఒకటి నాకు నచ్చింది. నా బొటనవేలంత ఉంది, నున్నగా ఉంది.

"గింతేనా? ఇంటికచ్చినోళ్లకు కనవడద్దా?" అన్నాడు మధుకర్. మూరెడు విగ్రహం మీద చెయ్యి వేశాడు.

దుకాణదారు మంచివాడే. చెప్పాల్సింది చెప్పాడు. "ఇంట్ల జానెడు దాటొద్దంటరు సార్. గింత పెద్దదానికి రోజు అభిషేకం, మహానైవేద్యం తప్పొద్దు. ఇంట్ల ఆడోళ్ల ఇబ్బంది ఉంటది గద?"

మధుకర్ నవ్వాడు. "మా ఇంట్ల గా లొల్లి బందయిందన్నా."

పక్కన పెళ్లి సామాను ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి నన్ను చూశారు. నా ఒంటి సంగతి అంగట్లో పెట్టి దేవుణ్ణి కొన్నాడు. చేతిలో ఉన్న లక్ష్మీదేవిని ఆయన నెత్తిన వేయాలనిపించింది. వేయలేదు. గాజు బల్ల మీద జాగ్రత్తగా పెట్టేసి బయటికొచ్చి నిలబడ్డాను.

బందయింది నిజమే. బందయ్యే ముందు రెండేళ్లు నా ఒంట్లో ఏం జరిగిందో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒక నెల రక్తం ఆగేది కాదు, ఒక నెల వచ్చేదే కాదు. ఒళ్లంతా సెగలు, చెమటలు, ఉన్నట్టుండి ఏడుపు. మా అత్తమ్మ తిరుపతమ్మ మాత్రం నెలనెలా అడిగేది. "ఏమే సుకన్యా, అచ్చిందా, రాలేదా?" నా మీద ప్రేమ కాబోలు అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇక రాదని తేలిన రోజు ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "ఇగ అడ్డం లేదు. పెద్ద దేవుణ్ణి తెచ్చుకుందాం." నా ఒంట్లో ఒకటి ఆగిపోయిందని నాకు పని పెంచారు.

అంతకుముందు ఇంట్లో చిన్న విగ్రహాలు ఉండేవి. నేను దూరంగా ఉన్న మూడు రోజులూ మధుకరే ఒక అగరుబత్తి వెలిగించి చిటికెడు చక్కెర పెట్టేవాడు. ఏ దేవుడూ సొమ్మసిల్లలేదు. వరండాలో నాకు వేరే చాప, వేరే పళ్లెం. అవమానమే. కానీ కూర్చోనిచ్చే అవమానం అది. ఇప్పుడు అదీ పోయింది. స్వామి తినకుండా నేను తినకూడదట. బీపీ మాత్ర మాత్రం ఖాళీ కడుపుతో మింగి పొంగలి కలుపుతుంటాను.

నిన్న మా పుట్టింటి ఊరు మెండోర నుంచి మా అవ్వ ఫోన్ చేసింది. కంటి ఆపరేషన్ అయింది. ఆమె కన్నది నన్నొక్కదాన్నే. "వంగొద్దన్నరు బిడ్డా, పొయ్యికాడికి పోవద్దన్నరు. చుక్కలెయ్యరాక చెంప మీద పడుతున్నయి. పది దినాలు అచ్చి ఉంటవా?" అడగడానికి ఎంత మొహమాటపడిందో ఆ గొంతులోనే తెలిసింది.

అన్నం వడ్డిస్తూ మధుకర్‌కు చెప్పాను.

"పది దినాలా? దేవుడు పస్తుంటడా?"

"నేనచ్చెదాంక మీరు చెయ్యుండ్రి."

"నా దుకాణం ఎవడు తెరుస్తడు? మీ వాడకట్టోళ్లు లేరా చుక్కలెయ్యనీకి?" అని పెరుగు అడిగాడు.

ఇత్తడి దేవుడికి ఒక పూట తప్పితే మహాపాపం. నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మా అవ్వకు పది రోజులు తప్పినా ఎవరికీ ఏ పాపమూ అంటదు. వండేది నేనని, కడిగేది నేనని, నేను లేకపోతే ఆ దేవుడికి దిక్కు లేదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే నన్ను కట్టేశారు.

ఈ పొద్దున బ్రష్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మళ్లీ ముట్టయిందని ఒక్క మాట అంటే చాలు. తల్లీకొడుకులిద్దరూ పక్కకు జరిగి దారిస్తారు. ఎవరూ నిజమో కాదో చూడలేరు. నోటిదాకా వచ్చింది కూడా. అంతలోనే నా మీద నాకు అసహ్యం వేసింది. ముప్పై ఏళ్లు నా రక్తాన్ని అడ్డం పెట్టుకునే కాస్త సేపు కూర్చున్నాను. మా అవ్వను చూడడానికి కూడా అదే సాకా? నేను మనిషిని, నాకు ఒక తల్లి ఉంది. అది చాలదా?

చేతులు కడుక్కున్నాను. నాలుగు చీరలు, బీపీ మాత్రలు సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను. స్వామి సగం నలుపుతో పళ్లెంలోనే ఉన్నాడు. మధుకర్ తువ్వాలు కట్టుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడి సంచినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. అత్తమ్మ ఒక్క అంగలో వచ్చి, నన్ను తాకకుండా తన కొంగు దగ్గరికి లాక్కుంది.

"ఏమైందే? మళ్ల ముట్టయిందా?" ఆమె గొంతులో భయం లేదు, ఆశ ఉంది. ఔనంటే అందరికీ మర్యాద దక్కుతుంది.

"లేదత్తమ్మా. శుభ్రంగనే ఉన్న. పోవాలనుకున్న, పోతున్న."