క్లోమంలో పచ్చ కణాలు

మనవరాలి ప్రయోగశాలలో నాకు జీతం లేని ఉద్యోగం దొరికింది. ఎలుక పిండం నుంచి తీసిన చిన్న క్లోమం గాజు గిన్నెలో ఎలా పెరిగిందో తెర మీద చూడాలి. అదొక గొట్టం, కొమ్మలు వేస్తూ పోతుంది. కొమ్మలు వేసే సమయంలోనే దాని గోడలో కొన్ని కణాలు ఇన్సులిన్ చేసే పనికి కుదురుకుని పచ్చగా వెలుగుతాయి. పని కుదిరిన కణం గోడను వదిలి వెళ్ళిపోతుందా, అతుక్కునే ఉండి తోటివాటితో కలిసి బుడిపెలా ఉబ్బుతుందా? వెళ్ళిపోతే ఎర్ర మీట, ఉంటే నీలం మీట నొక్కాలి. ఆ లెక్క తేలితే తప్ప మనవరాలి పరిశోధన ఒడ్డెక్కదు.

"జవాబు మీద ఏ ఆశా లేనివాళ్ళే చూడాలి అమ్మమ్మా. నీకైతే ఏమీ తెలియదు కదా!" అంది. పొగిడిందో, తిట్టిందో.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు రైలు దగ్గర వీడ్కోలు చెప్పుకుంటున్నా కళ్ళు తుడుచుకునేదాన్ని నేను. ఆ సంగతి అది మరిచిపోయింది. పని పూర్తయ్యాక ఫలితం చూసి తల పట్టుకుంది.

"ఒక్కటంటే ఒక్కటి కూడా వెళ్ళలేదా?"

"పసివి. ఎక్కడికి పోతాయే పాపం?"

సరిచూడటానికి మా తమ్ముణ్ణి పిలిచింది. చేరిన ప్రతి ఉద్యోగంలోనూ పోట్లాడి బయటికొచ్చిన ఘనుడు వాడు. అవే చిత్రాలు చూసి అన్నింటికీ ఎర్ర మీట నొక్కాడు.

"అన్నీ వెళ్ళిపోయాయా తాతయ్యా?"

"పౌరుషం ఉన్న కణాలమ్మా. ఆ ఇరుకు గోడలో ఎవడు పడుంటాడు?"

"నీ కాలే కాదు, నీ కన్నూ ఒకచోట నిలవదురా" అన్నాను.

"అరిగిన చెప్పులు పారేయలేనిదానివి, నువ్వా చెప్పేది?"

"మీ ఇద్దరి లెక్కా పనికిరాదు! మా సారుకి ఏం చూపించను?" అంది మనవరాలు.

ఇద్దరినీ ఒకే తెర ముందు కూర్చోబెట్టింది. ఈసారి త్రీడీ చిత్రాన్ని అన్ని వైపులా తిప్పి చూడాలి, ఇద్దరం ఒప్పుకున్నాకే మీట నొక్కాలి.

పైనుంచి చూసి "పోయింది" అన్నాడు తమ్ముడు. పక్కకు తిప్పితే, విడిగా కనిపించిన పచ్చని గుంపు కింద సన్నని మెడ ఉంది. గొట్టానికి అతుక్కునే ఉంది! వాడు మొహం మాడ్చుకుని "సరే, నీలం" అన్నాడు. తరవాతదీ అంతే. ఒకపక్క కణాలకు పని కుదురుతోంది, మరోపక్క బుడిపెకు రూపం కుదురుతోంది. నేను గాల్లో తేలిపోయాను.

"ఎగరకు అక్కా, పడతావు."

అప్పుడొచ్చింది ఒక ఒంటరి కణం. తిప్పాం. మెడ లేదు.

"మళ్ళీ తిప్పు" అన్నాను. తిప్పాడు. "ఇంకోసారి."

"ఎన్నిసార్లు తిప్పినా దానికి మెడ మొలవదే" అన్నాడు, ఈసారి మెల్లగా.

మనవరాలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. కణం మాత్రం దూరాన పచ్చగా, హాయిగా ఉంది. కళ్ళు మూసుకుని ఎర్ర మీట నొక్కాను.

"నొక్కావా?" అన్నాడు తమ్ముడు.

"నొక్కాను."

"అయితే వేలు తియ్యి తల్లీ! నువ్వలా అదిమి పట్టుకుంటే తరవాతది రావడంలేదు."