అక్క కారు డిక్కీలో తడి

అక్క కర్టెన్లు కుడుతుంది. కుట్టినవాటిని మడతపెట్టి, తన పాత కారు డిక్కీలో వేసుకుని, ఇళ్లకు వెళ్లి తనే తగిలించి వస్తుంది. ఆ వానాకాలం ఒక డాక్టరమ్మ ఇంట్లో గంధం రంగు కర్టెను విప్పి చూపించబోతే దాని అంచున అరచేయంత తడి మరక కనిపించింది. డాక్టరమ్మ మర్యాదస్తురాలు. "ఇది డిజైనా అండీ?" అని అడిగింది.

అక్క ముఖం మాడిపోయింది. ఇంటికి రాగానే తాళాలు బల్ల మీద విసిరి, "ఇక ఆ కారులోకి నీటిచుక్క అడుగుపెట్టడానికి వీల్లేదు" అంది.

అప్పుడక్కడ ఇద్దరున్నారు. ఒకరు ఆమె భర్త. బాత్రూముల్లో కుళాయిలూ గొట్టాలూ బిగించే ప్లంబరు. రెండోది ఆమె చెల్లెలు. పక్క వీధిలో రేకుల షెడ్డు వేసుకుని ఇనప బీరువాలు తయారుచేస్తుంది. వీధిలో అందరూ ఆమెను "బీరువా" అనే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది. ఈ బావామరదళ్లకు ఒకరి మాట ఒకరికి పడదు. పడకపోవడమే ఇద్దరికీ కాలక్షేపం.

మర్నాడు షెడ్డు ముందు కారు నిలబెట్టి, చెల్లెలు డిక్కీలో పరిచిన మ్యాటు ఎత్తి చూసింది. చక్రం మీది రేకూ అడుగు రేకూ కలిసేచోట నీళ్లు దిగకుండా పూసిన పాత సీలెంటు ఎండి బెరడులా లేచిపోయింది. గోరు తగిలితే చాలు, పొడిపొడిగా రాలుతోంది. కింద తుప్పు. ఆమె తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు పూసి ఆరబెట్టింది. ఇక దాని మీద ఏం వెయ్యాలన్న దగ్గర వచ్చింది తంటా.

"సిలికాన్," అన్నాడు బావ, జేబులోంచి ట్యూబు తీస్తూ. "నేను బిగించిన వాష్‌బేసిన్లలో ఒక్కటి కారిందని ఎవర్నైనా చెప్పమను!"

"ఇది కారు బావా. ఇందులో ఎవరూ స్నానం చెయ్యరు." చెల్లెలు లోపల్నుంచి తన లప్పం డబ్బా తెచ్చింది. "బీరువాల అతుకులకి ఇదే వేస్తాను. ఎండిందంటే రాయే."

"నీ బీరువా పెట్టినచోటే పడుంటుంది మరదలా. కారు తిరగొద్దూ?"

"మీ సిలికాన్ మీద రంగు నిలుస్తుందా? అది చెప్పండి ముందు."

"డిక్కీలో రంగెవరు చూస్తారు?"

"తుప్పు చూస్తుంది!"

అక్క ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. "మీ నోళ్లకి వేసే సీలెంటు ఏదైనా ఉంటే ముందది తెండి. నేను గుడ్డ కొనేముందు చిన్న ముక్క లాగి చూస్తాను. మీరూ నాకు ముక్క చూపించండి."

ఆ మాట ఇద్దరికీ నచ్చింది. గెలుపు తమదేనని ఇద్దరికీ నమ్మకం మరి. చెల్లెలు రేకు కత్తిరించి, రెండేసి పట్టీలు అంచుల మీద అంచులు పెట్టి బిగించింది. ఎవరి అతుకు మీద వాళ్లు ఎవరి సరుకు వాళ్లు పూశారు. ఎండాక పైన రంగు వేశారు.

మరుసటి రోజు అక్క కుట్టుమిషను ముందు కూర్చునే తీర్పు మొదలుపెట్టింది. లప్పం వేసిన పట్టీని రెండు చేతులతో పట్టుకుని కొంచెం మెలితిప్పింది. ఠప్పుమంది. అతుకు పొడవునా బీట.

బావ ఈల వేశాడు.

"ఆగండి, మీదీ ఉంది," అంటూ అక్క రెండోది తీసుకుంది. ఎంత వంచినా సిలికాన్ చెక్కుచెదరలేదు. బావ మీసం దువ్వుకునే లోపల అక్క దాని మీద బొటనవేలితో రుద్దింది. రంగు పొరలా ఊడి వేలికి అంటుకొచ్చింది. ఆ వేలు భర్త ముక్కు ముందు పెట్టింది. ఈసారి ఈల చెల్లెలిది. ఆమెకు ఈల సరిగా రాదు, ఉఫ్ మని ఊదింది.

"కారు గతుకులో పడ్డప్పుడల్లా ఒళ్లు కాస్త మెలి తిరుగుతుంది," అంది అక్క. "చంక దగ్గర కుట్టు మరీ బిగించి వేస్తే చెయ్యెత్తగానే పిగులుతుంది. సాగాలి. సాగినా రంగు పట్టుకుని ఉండాలి."

ఆమె కార్ల పెయింట్ల కొట్టుకు వెళ్లి ఆ రెండు ముక్కలే చెప్పింది. కొట్టాయన రేకు అతుకుల కోసమే తయారైన పాలియురెథేన్ ట్యూబు ఇచ్చాడు. అక్క ఆయన మాట కూడా నమ్మలేదు. మూడో పట్టీ చేయించి, వంచి, రుద్ది, ఆఖరికి పంటితో కొరకబోతే చెల్లెలు లాక్కుంది. ఎక్కడా బీట లేదు, రంగు ఊడలేదు.

పని మాత్రం ముగ్గురూ కలిసే చేశారు. ట్యూబు గన్ను పట్టడంలో బావది తిరుగులేని చెయ్యి. గీత గీసినట్టు వేశాడు. చెల్లెలు బ్రష్షుతో అంచులు అణిచి, ఎండాక రంగు వేసింది. తర్వాత ఆమె టార్చి పట్టుకుని డిక్కీలో ముడుచుకుని పడుకుంటే, బావ బయట్నుంచి పైపుతో నీళ్లు కొట్టాడు. కావలసినదానికంటే చాలాసేపు కొట్టాడు.

"పొడిగా ఉంది! ఇక తెరవండి బావా!"

"ఏమిటీ? వినబడట్లేదు మరదలా!"

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ట్యూబులో కొంచెం మిగిలింది. గెలిచిన ఊపులో ఉన్న అక్క మధ్యాహ్నం ఒంటరిగా కారు చుట్టూ తిరిగి, తలుపుల అడుగున వరసగా సన్నని కన్నాలు చూసింది. 'ఇంత పెద్ద పనివాళ్లిద్దరికీ ఇవి కనపడలేదు' అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్కొక్కటీ శుభ్రంగా పూడ్చేసింది.

రెండు వానలు కురిశాయి. డిక్కీ పొడిగానే ఉంది. కానీ మలుపు తిరిగినప్పుడల్లా తలుపులోంచి గుబుక్, గుబుక్ మని చప్పుడు. అక్క కారు తిన్నగా షెడ్డుకు తెచ్చింది. బావ తలుపుకు చెవి ఆనించి విన్నాడు. వంగి అడుగున తడిమాడు. మెల్లగా లేచి భార్య వంక చూశాడు.

"ఇక్కడ కన్నాలుండాలే?"

"మూసేశాను," అంది అక్క. గొంతు బాగా తగ్గింది.

"అద్దం పక్క సందులోంచి తలుపులోకి నీళ్లు ఎలాగూ దిగుతాయే! అవి పోవడానికే ఆ కన్నాలు. తూము మూసి కుళాయి తిప్పితే ఏమవుతుంది? ప్లంబరు పెళ్లానివి, నువ్వే చెప్పు."

చెల్లెలు తలుపు కింద కూర్చుని తీగతో మొదటి కన్నం పొడిచింది. నీళ్లు ధారకట్టి ఆమె ఒళ్లో పడ్డాయి. బావకు నవ్వి నవ్వి పొట్ట చెక్కలైంది. తడిసిన చెల్లెలూ ఆగలేకపోయింది. అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే పక్షాన చేరింది ఆ ఒక్కరోజే.

"ఈ సంగతి గడప దాటకూడదు," అంది అక్క.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పాలు పోసే ఆమె గుమ్మంలోనే నిలబడి, "తలుపులో చేపలు పెంచుతున్నావటగా?" అంది.

"పెంచుతున్నాను," అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ. "కర్టెన్లు కుట్టించుకునేవాళ్లకే చూపిస్తాను."