పొద్దుగాల్ల కదలని మనిషి

ఆతిఫ్ చనిపోయాక కూడా ఫోన్ ఆటలో అతని బొమ్మకు ఎవరో మందులు తెచ్చి పెడుతూనే ఉన్నారు.

ముందు ఆతిఫ్ ఎట్లా పోయాడో చెప్పాలి. బాన్సువాడలో సరుకు ఎత్తుకుని బీర్కూర్ దిక్కు ఊళ్లలో కిరాణా దుకాణాలకు దించే ట్రాలీ ఆటో అతనిది. పొద్దుగూకే వేళ చెరకు లోడుతో వస్తున్న ట్రాక్టర్ ఆ ఆటోను నుజ్జు చేసింది. ట్రాక్టర్‌కు ముందు లైటు లేదు. చెరకు కొట్టే కాలంలో ఈ రోడ్ల మీద లైట్లున్న ట్రాక్టర్‌ను చూపించినవాడికి శాలువా కప్పొచ్చు. అయినా తప్పు ట్రాక్టర్ మీదికి రాలేదు. దాని యజమాని హరనాథబాబు పెద్దమనుషులతో ఒక మాట పంపాడు. పిలగాడు ఫోన్ చూసుకుంట నడిపిండట, పెండ్లాం ఫోన్ చేస్తుండెనట. తీసి చూస్తే నిజంగానే ఆ ఫోన్‌లో యాస్మీన్ చేసిన కాల్ ఉంది. పిల్లకు దగ్గు మందు తెమ్మని చెప్పడానికి చేసింది. అతను ఎత్తలేదు. ఎత్తకపోతే ఏంది, చూడటానికి వంగి ఉంటడు గదా అన్నారు. అయిపోయింది. ట్రాక్టర్ ఇంటికి పోయింది. చావు యాస్మీన్ మెడకు చుట్టుకుంది.

భర్త పోయిన ముస్లిం ఆడమనిషి నాలుగు నెలల పైన గడప దాటకుండా, పరాయి మగవాళ్ల కంట పడకుండా ఉండాలి. ఆ గడువును ఇద్దత్ అంటారు. యాస్మీన్‌ను వెనక గదిలో కూర్చోబెట్టి తలుపుకు పరదా కట్టారు. అత్త బషీరున్నిసా తన సొంత షరతు ఇంకొకటి కలిపింది. పరాయి మగవాడి గొంతు కూడా ఆ గదిలో వినపడకూడదు. యాస్మీన్ తల్లి కోటగిరి నుంచి వచ్చినప్పుడు, ఈ మాట ఏ కితాబులో ఉందని అడిగింది. మా ఇంట్ల ఉంది అని జవాబు చెప్పి బషీరున్నిసా లేచి వెళ్లిపోయింది.

ఆతిఫ్ అన్న హుస్సేన్ ఒకరోజు పరదా అవతల నిలబడి తీర్మానం చెప్పాడు. ఇద్దత్ అయిపోయాక యాస్మీన్ కోటగిరికి పోవాలి. నాలుగేళ్ల సాదియా మాత్రం ఇక్కడే ఉంటుంది. పిల్ల తమ రక్తం. మొగుణ్ణి ఫోన్ చేసి చంపినదాని చేతిలో ఎట్లా పెడతారు? యాస్మీన్ ఎంత చెప్పినా పరదా జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమెకు మిగిలిన ఆలోచన ఒక్కటే, పిల్ల.

అద్దం పగిలిన ఆతిఫ్ ఫోన్‌ను సాదియా ఏడుపు మాన్పించడానికి ఇచ్చారు. పిల్ల ఏవేవో నొక్కుతుంటే ఆట తెరుచుకుంది. తెర మధ్యలో ఆతిఫ్ బొమ్మ. నీలం చొక్కా, వీపు మీద రొట్టెలు కాల్చే పెంకు. అది ఊరికే నిలబడి లేదు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మారుస్తోంది. ఆ ఇంట్లో ఊపిరి తీస్తున్న ఆతిఫ్‌ను చూసి యాస్మీన్ ముందు పరదా సరిగ్గా మూసి ఉందో లేదో చూసుకుంది.

మొగుడు పోయిన మనిషి ఆటలాడటం ఏందని అడిగేవాళ్లు ఉంటారు. అడగనీ. ఏడవడానికి కూడా చోటు కావాలి. ఆమెకు దొరికిన చోటు అది.

ఆట గురించి ఆతిఫ్ ఎప్పుడో చెప్పింది కొంత గుర్తుంది. చాలామంది జట్లు కట్టి విమానంలోంచి ఒక దీవి మీద దూకుతారు. చుట్టూ మంట వలయం మెల్లగా దగ్గరికి వస్తుంది. దాన్ని తప్పించుకుంటూ ఒకరినొకరు చంపుకుంటారు, చివరికి మిగిలినవాళ్లు గెలుస్తారు. అత్త షరతు ప్రకారం యాస్మీన్ మొదటి రోజే ఆటలో శబ్దం మూసేసింది, మైకు మూసేసింది. మగవాళ్ల గొంతులు వస్తాయి కదా. మూగ ఆటలో మెరిసే పసుపు బటన్ నొక్కింది. దూకింది. నిలబడ్డచోటే చచ్చింది.

రెండోసారి దూకినప్పుడు పక్కన జట్టుగా ఒక నల్ల బట్టల మనిషి ఉన్నాడు. పేరు ‘కాలా పత్తర్’ అని చూపిస్తోంది. అతను పరిగెత్తుకుంటూ వచ్చి, ఆమె ముందు పట్టీలు పెట్టాడు, మందు పెట్టాడు, తలటోపీ పెట్టాడు, తన తుపాకీ కూడా పెట్టాడు. పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. ఆమె తీసుకునేదాకా తాను ఏదీ ముట్టుకోలేదు. ఎవరో కాల్చినప్పుడు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె పడిపోతే గుండ్లలోంచి పాకుతూ వచ్చి లేపాడు. అతని ఆట చూస్తే తెలిసిపోతుంది, ఆ దీవి మీద అతన్ని ఎదిరించేవాడు లేడు. అంత ఆటగాడికి నడవడం కూడా రాని మనిషితో ఏం పని?

ఆమెకు బాగుంది. ఆ మాట దాచేదేముంది? సొంత ఇంట్లో ఆమె వండిన గిన్నెలో అత్త చెయ్యి పెట్టడం మానేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఆమె కోసం గుండ్లకు అడ్డం నిలబడుతున్నాడు. ఆతిఫ్ కూడా ఆటలో చేతగానివాళ్లను వెతికి వెతికి సాయం చేసేవాడు. ఎందుకట్లా టైం వేస్ట్ చేస్తవని ఆమె అంటే, రానోనికే గదా నేర్పాలె, వచ్చినోనికి ఏం నేర్పుతం అని నవ్వేవాడు. మందు కింద పెట్టి వెనక్కి నడవడం కూడా అతని పద్ధతే. కొత్తవాడు భయపడకుండా తీసుకుంటాడని చెప్పేవాడు. ఆ పద్ధతి ఈ మనిషికి ఎట్లా తెలుసు?

రోజూ మధ్యాహ్నం ఆడేది. రోజూ అతను ఉండేవాడు. మెల్లగా కొన్ని వింతలు కనిపించాయి. ఖాళీ ఇల్లు దొరికితే అతను తుపాకీ దించి ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు. లేచేవాడు, కూర్చునేవాడు, మళ్లీ లేచేవాడు. ఏదో కిటుకు నేర్పుతున్నాడేమో అనుకుని ఆమె కూడా అట్లాగే చేసింది. అప్పుడు అతను గోడ దాకా వెనక్కి జరిగాడు. చివరికి ఒక్క శత్రువే మిగిలినప్పుడు ఆఖరి గుండు ఎప్పుడూ ఆమెకే వదిలేవాడు. ఒకరోజు మాత్రం గుడిసెలాంటి ఇంట్లో ఆమె కాళ్ల ముందు బోర్లా పడుకున్నాడు. ముఖం నేలకు ఆనించి కదలలేదు. మంట గోడల దాకా వచ్చినా కదలలేదు. ఆమె ఫోన్‌ను పరుపు మీదికి విసిరేసింది.

అయినా మర్నాడు మళ్లీ తెరిచింది.

ఆ మధ్యాహ్నం సాదియా ఒళ్లో ఉంది. దీవి మీద దిగి కొంతసేపైంది. పిల్ల వేలు ఎక్కడ తగిలిందో, మూగ ఫోన్ నోరు తెరిచింది. మగ గొంతు. నీరసంగా, అరిగిపోయి, చాలాసేపటి నుంచి ఒకే మాట చెబుతున్నట్టు ఉంది.

"ఇయ్యాల గూడ మాట్లాడవా అన్నా. తప్పైంది అన్నా. నీ సప్పుడు ఇనుకుంట గూడ నేను ఆట ఇడిసిపెట్టలె."

వాకిట్లో ఎల్లిపాయలు ఒలుస్తున్న బషీరున్నిసా చేతులు ఆగాయి. లేచి వచ్చి పరదా తీసింది. మూసెయ్యమని చేత్తో సైగ చేసింది. యాస్మీన్ మూయలేదు. అన్ని రోజులుగా ఆ మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, తాను చెవి మూసుకుని కూర్చుంది. వేలు జరిపి మైకు కూడా తెరిచింది.

"ఎవరు నువ్వు?"

తెర మీద నల్ల బట్టల మనిషి గబుక్కున లేచి దూరం జరిగాడు.

"అన్న గొంతు గాదు గిది."

ఆతిఫ్ భార్యనని, ఆయన చనిపోయాడని ఆమె చెప్పింది.

"తెల్సు వదినా. పోయింది ఇన్న."

అప్పుడు చెప్పాడు. అతని పేరు చందర్. డోంగ్లి దగ్గర తండా. ఆట రాక అందరితో తిట్లు తింటున్నప్పుడు ఆతిఫ్ పక్కకు తీసుకుని నేర్పించాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఊరు పేరు కూడా అడగలేదు. ఆ సాయంత్రం ఆతిఫ్ ఆటో రోడ్డు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, ఒక్క ఆట ఆడి ఇంటికి పోతానన్నాడు.

"బండి బంద్ చేసిన, ఇగ ఫికర్ లేదు అన్నడు. ఆటల ఉన్నప్పుడు మీ ఫోన్ వచ్చింది. మీ వదిననే, ఇంటికి పొయ్యి తిట్లు తింట తియ్యి అని నవ్విండు. గా నవ్వుల్నే సప్పుడైంది."

ఆ తర్వాత మైకు తెరిచే ఉందట. చందర్ అన్నీ విన్నాడు. ఏం విన్నాడో చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక, వేళ్లు ఆగక, ఆట ఆడుతూ పోయి గెలిచాడట. కొన్నాళ్లకు ఆతిఫ్ పేరు మళ్లీ దీవి మీదికి వచ్చింది. మాట లేదు, పలుకు లేదు. తన కోసమే వచ్చాడనుకున్నాడు. అందుకే పెట్టగలిగినవన్నీ తెచ్చి ముందు పెట్టాడు, తప్పైందని గుంజీలు తీశాడు, కాళ్ల ముందు పడ్డాడు.

ఆడుతున్నది తానేనని యాస్మీన్ చెప్పింది. చందర్ ఒప్పుకోలేదు.

"మద్దెన్నం మీరేనేమో వదినా. పొద్దుగాల్ల వచ్చేది మీరు గాదు."

"పొద్దున ఎవరు వస్తరు?"

"అన్ననే. పొద్దుగాల్ల కదలడు. దిగినకాడ్నే నిలవడతడు. పిలిస్తె సూడడు. నేను సుట్టు తిరుగుకుంట కావలుంట. మంట వచ్చినా కదలడు. ఇడిసి పోబుద్ధి గాదు. ఇద్దరం కాలిపోతం."

పొద్దున యాస్మీన్ పొయ్యి దగ్గర ఉంటుంది. ఫోన్ గూట్లో ఉంటుంది. తల ఎత్తి చూసింది. బషీరున్నిసా ఎల్లిపాయ పొట్టు అంటిన చేత్తో నోరు మూసుకుని ఉంది.

"నేనే," అంది ముసలామె. ఇంట్లో దక్కనీ ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి, ఆ ఫోన్‌లోని వాడికి కూడా అర్థం కావాలని తెలుగులోకి దిగింది. "నమాజ్ కాంగనే తెరుస్త. నువ్వు నొక్కే పసుపుది నొక్కుత. నాకు నడిపిచ్చుడు రాదు. బిడ్డ నిలవడ్డా సాలనుకున్న." ఆగింది. "అంత ఎర్రగైతది గద, పొద్దు పొడుస్తుందనుకున్న. అది మంటనా? రోజు కాలవెట్టిననా నేను?"

తెర అంచున ఎరుపు మొదలైంది.

మంట దగ్గరికి వచ్చింది, నడిపియ్యమని చందర్ అన్నాడు. నడుపు బేటీ అని బషీరున్నిసా అంది. ఆతిఫ్ పోయిన తర్వాత ఆమె నోట ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. యాస్మీన్ బొటనవేలు తెర మీద పెట్టబోయింది. పెట్టలేదు. వేలు వెనక్కి తీసుకుంది.

"హుస్సేన్ భాయిని పిలువు అమ్మీ. బండి ఆగి ఉండెనని నీ నోటితోని చెప్పు. సాదియా నా దగ్గర్నే ఉంటదని చెప్పు. అప్పుడు నడుపుత."

ముసలామె ఆమె వైపు చూసిన చూపులో జాలి లేదు. తెర వైపు చూసింది. ఎరుపు బొమ్మ కాళ్ల దాకా వచ్చింది. నీలం చొక్కా కదలకుండా నిలబడి ఉంది. చందర్ దాని చుట్టూ తిరుగుతున్నాడు, అన్నా అన్నా అంటున్నాడు. అది అన్ననే అన్న నమ్మకం అతనికి ఇంకా పోలేదు. బషీరున్నిసా పెద్ద కొడుకును కేకేసింది.

హుస్సేన్ పరదా దాకా వచ్చి, లోపల మగ గొంతు ఎవరిదని అడిగాడు. తల్లి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను వెంటనే దారికి రాలేదు. పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న మాట అన్నాడు, హరనాథబాబు ఏమనుకుంటాడన్నాడు. ఎవరి ముందటైనా వచ్చి చెప్తనని ఫోన్‌లోంచి చందర్ అన్నాడు. ఇదంతా నాటకమని హుస్సేన్ అనబోయాడు.

"నీ తమ్ముడు కాలుతుండు, సూడు," అంది తల్లి.

అతను పరదా తోసుకుని లోపలికి వచ్చాడు. ఆ పరదా కట్టింది తానేనని బషీరున్నిసాకు ఆ క్షణాన గుర్తులేదు. హుస్సేన్ తెర చూశాడు. బొమ్మ తల మీద ప్రాణం గీత సన్నబడుతోంది. అది మోకాళ్ల మీద పడింది. బతికున్న ఆడది వారాల తరబడి పరదా వెనక నుంచి మొత్తుకుంటే కదలని మనిషి, బొమ్మ మోకాళ్ల మీద పడితే కదిలాడు.

"ఉంటది. పిల్ల నీ దగ్గర్నే ఉంటది. నేనే పోయి చెప్త అందరికి. నడుపు."

చందర్ మంటలో కూర్చుని బొమ్మను లేపాడు. యాస్మీన్ వేలు తెర మీద పెట్టింది. ఆతిఫ్ పరిగెత్తాడు. ఎరుపులోంచి, చెరకు చేను లాంటి గడ్డిలోంచి, కాలువ కట్ట లాంటి గట్టు ఎక్కి పరిగెత్తాడు. నల్ల బట్టల మనిషి వెనకే ఉన్నాడు. మంట ఆగిపోయిన చోట ఆమె వేలు తీయబోతే బషీరున్నిసా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కోపం లేదు, వదిలే ఉద్దేశమూ లేదు.

"ఆపకు. ఇంకొంచెం తిప్పు."

హుస్సేన్ నేల మీద కూర్చున్నాడు. సాదియా ఒళ్లోనే నిద్రపోయింది. పిల్ల బరువుకు యాస్మీన్ కాలు తిమ్మిరెక్కింది, బొటనవేలు సలుపుతోంది. ఇంకెవరూ కనబడని దీవి మీద, చచ్చిపోయిన మనిషిని అటొకసారి, ఇటొకసారి ఆమె నడిపిస్తూ ఉంది.

"రేపు పొద్దుగాల్ల నువ్వే లేసి నడుపు బేటీ," అంది అత్త.

"నేను గూడ ముందుగాల్నే వచ్చి ఉంట," అన్నాడు చందర్.