పక్కింటి జల్లెడ

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ అన్నయ్య మనసులో ఏళ్లుగా ఒకటే అనుమానం. చెల్లెలు బతికినన్నాళ్లూ ఆకాశం వైపే చూసింది, ఒక్కనాడూ చేతులు జోడించలేదు. మరి ఆ చూపు దేవుడికి చేరిందా, లేదా?

ఆమెది గ్రహాల మీద పరిశోధన. చంద్రుడి మీద గుంటలెలా పడ్డాయో తేల్చడానికి వంటింట్లో పళ్లెం నిండా సన్నటి ఇసుక జల్లించి, పైనుంచి గులకరాళ్లు వదిలేది. రాయి పడ్డ ప్రతిసారీ ఇసుక మళ్లీ జల్లించాల్సిందే. ఆ జల్లెడ పక్కింటి పిన్నిది. రెండ్రోజుల్లో ఇచ్చేస్తానని తెచ్చింది. ఇంతలో జ్వరం చెల్లెల్ని తీసుకుపోయింది, జల్లెడ ఇక్కడే ఉండిపోయింది. కనబడ్డప్పుడల్లా పిన్ని, "మీ చెల్లెలు చంద్రుణ్ణి జల్లించడం అయిందా నాయనా?" అనేది. అడగడమే తప్ప వచ్చి తీసుకుపోయేది కాదు. ఆయనకూ ఇవ్వడానికి చేతులు రాలేదు.

చెల్లెలి పేరిట విశ్వవిద్యాలయంలో గ్రహశాస్త్ర విద్యార్థులకు ఫెలోషిప్ పెట్టించాడు. ఈ ఏడు దానికి దరఖాస్తు పెట్టింది ఒక్క అమ్మాయే. ఆమెకు ప్రయోగశాల దొరకలేదు, చూపించడానికి ఫలితాల్లేవు. ఫెలోషిప్‌ను వేరే శాఖకు మార్చేద్దామన్నాడు కమిటీ పెద్దాయన. అన్నయ్య పట్టు వదల్లేదు. బతిమాలి నెల గడువు తెచ్చుకుని, నేరుగా ఆ అమ్మాయి దగ్గరికెళ్లాడు.

"ప్రయోగశాల లేకపోతేనేం, మా వంటిల్లుంది. రామ్మా."

ఆ నెలంతా ఆయన భార్య వసారాలో వండింది. చంద్రుడి పుణ్యమా అని తన పొయ్యి వీధిన పడిందని సణుగుతూనే పళ్లేలు కడిగి ఇచ్చింది. అమ్మాయి ఇసుక జల్లించేది, రాయి వదిలేది, ఫొటో తీసేది, మళ్లీ జల్లించేది. ఒక వారం ఫొటోలన్నీ పాడయ్యాయి. ఏడుస్తుందేమో అనుకున్నాడు ఆయన. ఆమె ముక్కు తుడుచుకుని మళ్లీ జల్లెడ అందుకుంది. రాయి వదిలేముందు ఊపిరి బిగబట్టి, లోకం మరిచి చూసింది. చెల్లెలూ అచ్చం అలాగే చూసేది. ఆ చూపు దణ్ణం కాదని ఇన్నాళ్లూ తానెందుకు అనుకున్నాడో ఆయనకు ఆ క్షణాన అర్థం కాలేదు.

గడువు నాటికి ఆ ఫొటోలు కమిటీ ముందుకు వెళ్లాయి. ఫెలోషిప్ అమ్మాయికే వచ్చింది. ఆమె మొట్టమొదట కొనుక్కున్నది సొంత జల్లెడ.

ఆ సాయంత్రం అన్నయ్య పాత జల్లెడ కడిగి, ఆరబెట్టి, పక్కింటి తలుపు తట్టాడు.

పిన్ని దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "అయిందా మరి, జల్లించడం?"

"ఇంకా లేదు పిన్నీ. మా ఇంటికొచ్చిన అమ్మాయి జల్లిస్తోంది, ఆమెకు ఇప్పుడు సొంతది ఉంది."

"వల సాగిపోయింది. ఇంక పిండికేం పనికొస్తుంది?" అంటూనే పిన్ని దాన్ని పాత మేకుకు తగిలించింది.