పుస్తకాల్లో దొరికినవి

ఇరవై రెండేళ్లు లైబ్రరీ వెనకగదిలో కూర్చుని పుస్తకాలకు నంబర్లు వేసిన మనిషిని ఉన్నట్టుండి డైరెక్టరు కుర్చీలో కూర్చోబెడితే ఏమవుతుంది? ముందు కుర్చీ కిర్రుమంటుంది. ఆ తరువాత ఆ మనిషిని ఆరు రోజుల నాయకత్వ శిక్షణకు పంపిస్తారు.

ఆమెను లైబ్రరీలో అందరూ కార్డులమ్మ అంటారు. కంప్యూటర్లు రాకముందు ప్రతి పుస్తకం వివరాలూ చిన్న అట్టకార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది ఆమే కనుక ఆ పేరు పడింది. కంప్యూటర్లు వచ్చాయి, కార్డులు అటకెక్కాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. డైరెక్టరయ్యాక కూడా ఎవరూ చూడకుండా అరల మధ్యకు వెళ్లి, వరస తప్పిన పుస్తకాన్ని దాని చోట దూర్చి వస్తుండేది. చెయ్యి ఊరుకోదు కదా మరి.

శిక్షణంటే ఆమెకేమీ బెదురు లేదు. బెదురంతా కౌంటరక్క గురించే.

కౌంటరక్క అంటే పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే కౌంటరుకు పెద్ద. ఇద్దరూ ఒకే నెలలో ఉద్యోగంలో చేరారు. ఇన్నేళ్లుగా బైండింగు గదిలో, జిగురు వాసన మధ్య, ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకుని తిన్నారు. ఒకరి పిల్లల జ్వరాలు ఒకరికి తెలుసు, ఒకరి అత్తగారి నోరు ఒకరికి తెలుసు. పలకరింపంటే "ఏమే", జవాబంటే "ఏంటే". డైరెక్టరు పోస్టుకు ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. కార్డులమ్మకు వచ్చింది. మర్నాడు పొద్దున్న కౌంటరక్క ఎదురొచ్చి, "నమస్కారం మేడమ్" అంది. నవ్వుతూనే అంది. అదే కార్డులమ్మ మర్చిపోలేకపోయింది.

ఆ రోజు నుంచి క్యారియర్లు వేరయ్యాయి. కార్డులమ్మ గాజుతలుపుల గదిలో ఒక్కతే తింటోంది. సగం తిని మూత పెడుతోంది. నెల తిరక్కుండానే కౌంటరక్క నది అవతల ఉన్న చిన్న శాఖకు బదిలీ కోరుతూ కాగితం పెట్టింది. కారణం అన్న చోట 'వ్యక్తిగతం' అని రాసింది. శిక్షణ అయ్యాక వచ్చే సోమవారం కల్లా డైరెక్టరు దాని మీద అవుననో కాదనో రాసి పై కమిటీకి పంపాలి. ఆ కాగితాన్ని చేతిసంచిలో పెట్టుకునే కార్డులమ్మ శిక్షణకు వెళ్లింది.

శిక్షణ ఇచ్చే కుర్రాయనకు ముప్ఫై దాటి ఉండవు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, "లీడర్స్! అందరూ లేవండి, చప్పట్లు కొట్టండి!" అంటూ మొదలుపెట్టాడు. ఆమెతోపాటు ఓ నీళ్లబోర్డు ఇంజనీరు, ఓ బస్సు డిపో మేనేజరు, ఓ హెడ్ నర్సు, ఇంకో పదిమంది ఉన్నారు. మొదటి రోజు దారపు ఉండ ఒకరి మీద ఒకరు విసురుకోమన్నాడు. రెండో రోజు కళ్లు మూసుకుని వెనక్కి పడమన్నాడు, పక్కవాళ్లు పట్టుకుంటారట. డిపో మేనేజరు భారీ మనిషి. ఆయన పడితే ఇంజనీరు, నర్సు, కార్డులమ్మ ముగ్గురూ కలిసి పట్టుకోవలసి వచ్చింది. మూడో రోజు టీ విరామంలో కుర్రాయన గదిలోకి వచ్చేసరికి గోడల నిండా అతను అంటించిన చార్టులన్నీ విషయాలవారీగా సర్ది ఉన్నాయి.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనే బాబూ. కోపం గురించినవి మూడు చోట్ల ఉంటే చూడలేకపోయాను" అంది కార్డులమ్మ.

పిల్లవాడు చూడ్డానికి గాలివాటంగా ఉన్నా మనసున్నవాడే. శుక్రవారం నాడు చప్పట్లు మానేసి నెమ్మదిగా కూర్చుని ఒక మాట చెప్పాడు. "మీ ఆఫీసులో మీకు ఎవరంటే భయమో వాళ్లకొక ఉత్తరం రాయండి. పంపొద్దు. నాకూ చూపించొద్దు. రాసేసి, చింపి బుట్టలో పడేయండి. మనసులో ఉన్నదేదో మీకు తెలిస్తే చాలు."

కార్డులమ్మ కలం మూత తీసింది. 'నాకు నువ్వంటే భయంగా ఉందే' అని మొదలుపెట్టింది. ఆ పైన కలం ఆగలేదు.

నాలుగేళ్ల కిందట కౌంటరక్క తల్లి రెండు నెలలు ఆసుపత్రిలో ఉంది. తల్లికోసం గుడ్డసంచిలో పుస్తకాలు మోసుకెళ్లిన కౌంటరక్క, పక్క మంచాలవాళ్లు అడిగితే వాళ్లకీ ఇచ్చింది. తల్లి పోయాక కూడా ఆ సంచి మోయడం మానలేదు. ఇప్పుడు వారానికి పదకొండు సంచులు ఆసుపత్రికి వెళ్తాయి. కార్డులమ్మ చేసిందల్లా జాబితాలు రాయడమే. ఇంటర్వ్యూలో కమిటీ పెద్దాయన, "ఆసుపత్రి సంచులు మీ ఆలోచనేనట కదా, భేష్!" అన్నాడు. కాదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక నవ్వు నవ్వి ఊరుకుంది. నియామకం నోటీసులో ఆ మాటే అచ్చయి వచ్చింది, 'ఆసుపత్రి సంచుల పథకం రూపకర్త' అని. ఆ నోటీసును నాలుగు మూలలా నాలుగు పిన్నులు పెట్టి, వంకర లేకుండా బోర్డుకు గుచ్చింది ఎవరనుకున్నారు? కౌంటరక్కే.

అదంతా రాసింది. చివర 'నువ్వు ఎదురుగా లేకపోతే నాకు ముద్ద దిగడం లేదే' అని రాసి కళ్లు తుడుచుకుంది.

చుట్టూ కాగితాలు చింపుతున్న చప్పుడు. కార్డులమ్మకు చెయ్యి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె రాత ఉన్న కాగితాన్ని చింపిన మనిషి కాదు. నాలుగు మడతలు పెట్టి, ముందున్న పుస్తకంలో దూర్చింది. శిక్షణకు వెళ్తున్నాం కదా, చేతిలో ఉంటే బాగుంటుందని తన లైబ్రరీ నుంచే తన కార్డు మీద తెచ్చుకున్న నాయకత్వం పుస్తకం అది. పన్నెండో పేజీ దాటలేదు.

శనివారం ఉదయం ఆమె భర్త, గడియారాలు బాగుచేసే ఆయన, దుకాణానికి బయలుదేరుతూ బల్ల మీద ఆ పుస్తకం చూశాడు. లోపల వేసిన గడువు తేదీ ఆ రోజే. డైరెక్టరే పుస్తకం ఆలస్యంగా ఇస్తే నలుగురూ నవ్వరూ అని, ఆమె స్నానం చేస్తుండగానే చంకన పెట్టుకుని పోయి కౌంటరులో ఇచ్చేశాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన అడక్కుండా చేసిన మంచిపని ఇదొక్కటే. అదీ ఇలా అయింది.

సంగతి మధ్యాహ్నం తెలిసింది. శిక్షణ చివరి గంటలో కుర్రాయన, "అందరూ చింపేశారుగా?" అని నవ్వుతూ అడిగాడు. కార్డులమ్మ పుస్తకం కోసం చేతిసంచిలో చెయ్యి పెట్టింది. పుస్తకం లేదు. భర్తకు ఫోన్ చేసింది. "ఇచ్చేశాలేవే, నీ పరువు నిలబెట్టా" అన్నాడాయన.

తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ కౌంటరక్క తల్లకిందులు చేసి దులుపుతుంది. అది ఆమె పెట్టిన పద్ధతి. జనం పుస్తకాల్లో ఏమేం మర్చిపోతారో చెబితే నమ్మరు: బస్సు టిక్కెట్లు, మందుల చీటీలు, ఒకసారి ఎక్స్‌రే, ఒకసారి కాగితంలో చుట్టిన పాలపన్ను. అవన్నీ 'పుస్తకాల్లో దొరికినవి' అనే పొడుగాటి పుస్తకంలో ఎక్కించి పెట్టెలో దాస్తారు. వచ్చి గుర్తులు చెప్పినవాళ్లకే ఇస్తారు. ఉత్తరాలైతే కౌంటరక్కది మరీ కఠినమైన రూలు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే చదవాలి, సరిచూడ్డానికి. మధ్యలోది ముట్టుకోకూడదు. వెనకెప్పుడో ఒక ప్రేమలేఖ పొరపాటున అది రాసినావిడ మొగుడి చేతికే వెళ్లి, ఒక ఇల్లు ఇల్లంతా లైబ్రరీకి వచ్చి అరిచిన రోజున పుట్టిందా రూలు.

ఆదివారం లైబ్రరీకి సెలవు. కార్డులమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. భర్త వంక పెట్టకుండా తిన్నాడు, తప్పు చేసినవాడు కదా. సాయంత్రం మాత్రం, "వెళ్లి అడిగి తెచ్చేసుకో, అంతేగా" అన్నాడు.

"అడగాలంటే కౌంటరు దగ్గర నిలబడి గుర్తులు చెప్పాలి."

"చెప్పు. మొదటి ముక్క, చివరి ముక్క. మధ్యలోది ఆవిడ చదవదుగా."

అదీ నిజమే. కౌంటరక్క రూలు తప్పే మనిషి కాదు. ఆ రాత్రి కార్డులమ్మకు కాస్త నిద్ర పట్టింది.

సోమవారం పదింటికి కౌంటరు ముందు వరసలో నలుగురున్నారు. కార్డులమ్మ పక్కనుంచి రాలేదు, వరసలోనే నిలబడింది. ఆమె ముందున్న పేపరు మాస్టారు, రోజూ వచ్చి అన్ని దినపత్రికలూ అక్షరం పొల్లుపోకుండా చదివే ముసలాయన, "మీరు ముందు రండి, డైరెక్టరు గారూ" అన్నాడు. "వద్దండీ" అంది.

వంతు వచ్చింది.

"చెప్పండి మేడమ్" అంది కౌంటరక్క, తల ఎత్తకుండా.

"ఒక కాగితం పోయింది. శనివారం ఇచ్చిన పుస్తకంలో."

కౌంటరక్క పొడుగాటి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూసింది. "ఉంది. ఉత్తరం ఒకటి, నాలుగు మడతలు. మొదటి వాక్యం?"

"'నాకు నువ్వంటే భయంగా ఉందే' అని."

"చివరిది?"

"'నువ్వు ఎదురుగా లేకపోతే నాకు ముద్ద దిగడం లేదే.'"

పేపరు మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. వెళ్లే ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు.

"సరిపోయాయి" అంది కౌంటరక్క. పెట్టెలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడత మీద మడత, మధ్య మడతలు విప్పిన నలుగు లేదు. "ఇక్కడ సంతకం చెయ్యండి."

సంతకం చేసి కాగితం తీసుకుని వెళ్లిపోవచ్చు. కాళ్లు కూడా గది వైపే లాగుతున్నాయి. కార్డులమ్మ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడింది.

"మధ్యలోది అడగవా?"

"మధ్యలోది మాకక్కర్లేదు మేడమ్. రూలు."

"నాకు చెప్పక తప్పదు" అంది కార్డులమ్మ. "ఆసుపత్రి సంచుల ఆలోచన నాది కాదు. నీది. మీ అమ్మ మంచం దగ్గర పుట్టింది. ఇంటర్వ్యూలో నాదని వాళ్లంటే కాదనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకే ఈ కుర్చీ ఇచ్చారో ఏమో నాకు తెలీదు. కుర్చీ పోతే పోనీ. మధ్యలో ఉన్నది అదీ."

కౌంటరక్క తల ఎత్తింది. కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

"వాళ్లే అలా రాసుకున్నారేమో అనుకుందామని చూశాను" అంది. "నెల్లాళ్లు చూశాను. నువ్వొచ్చి చెబుతావేమో అని."

"రాలేకపోయాను."

"తెలుస్తూనే ఉంది." ముక్కు చీదుకుని, "తరవాతెవరండీ?" అని కేకేసింది.

కార్డులమ్మ తిన్నగా నోటీసుబోర్డు దగ్గరికి వెళ్లింది. నాలుగు పిన్నులూ పీకి ఆ నోటీసు తీసేసింది. గదిలోకి వెళ్లి కమిటీకి ఉత్తరం రాసింది. ఆ సంచులు ఎవరివో, ఇంటర్వ్యూలో తాను ఎలా నోరు మూసుకుందో ఉన్నదున్నట్టు రాసి, కిందికి పంపి టపాలో వేయించింది. దాని నకలు ఒకటి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తానే తెచ్చి బోర్డుకు గుచ్చింది. కాస్త వంకరగా వచ్చింది. అరగంట తిరక్కుండా పేపరు మాస్టారు దాన్ని రెండుసార్లు చదివేశాడు.

ఇక మిగిలింది బదిలీ కాగితం. కార్డులమ్మ దాన్ని బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కాదని రాసే హక్కు తనకేముంది? వెళ్లాలనుకున్న మనిషిని వెళ్లనివ్వాలి. కలం మూత తీసింది. ఒంటిగంటయింది. క్యారియరు మూత కూడా తీయలేదు.

గాజుతలుపు తోసుకుని కౌంటరక్క వచ్చింది. ఒక చేతిలో క్యారియరు, రెండో చేతిలో ఆ పొడుగాటి పుస్తకం.

"నాదీ ఒక కాగితం పోయింది" అంది.

కార్డులమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కలం కింద పెట్టి, ఆ కాగితాన్ని అరచేతి కింద దాచింది. "గుర్తులు చెప్పు. రూలు."

"నది అవతలి శాఖకు పంపమని ఉంటుంది. కింద కారణం దగ్గర ఒక అబద్ధం ఉంటుంది."

"సరిపోయాయి" అంది కార్డులమ్మ. చెయ్యి తీసి కాగితం ముందుకు జరిపింది.

కౌంటరక్క కాగితం అందుకుని రెండు ముక్కలు చేసింది. ఆమెకు చింపడం వచ్చు. పొడుగాటి పుస్తకాన్ని బల్ల మీదకు తోసి, "సంతకం చెయ్యి" అంది. ఆ తరువాత గది నాలుగు పక్కలా చూసి మొహం చిట్లించింది.

"ఏమే, ఈ గాజుపెట్టెలో ఎలా తింటున్నావే? లే, బైండింగు గదికి పోదాం."